పెరట్లో కోళ్ళు వద్దనే బైలాను మార్పించడం ఎలా?

మీరుండే టౌన్‌లో ఇంటి వెనక కోళ్ళు పెంచకూడదంటున్నారా? గూడు కొనకముందే, సంతకాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరగకముందే, ఆ బైలా, అంటే టౌన్ కౌన్సిల్ చేసిన స్థానిక చట్టం, తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదవండి. అనుకూలంగా మాట్లాడేవాళ్ళూ, వ్యతిరేకించేవాళ్ళూ కూడా చాలామంది దాన్ని చదవకుండానే గొడవకి దిగుతారు.

మేముండేది కెనడాలో, ఆల్బర్టా ప్రావిన్స్ (రాష్ట్రం)లో, ఎడ్మంటన్‌కి కాస్త దూరంలో ఉన్న చిన్న టౌన్. మా బైలాలో "కోళ్ళు పెంచరాదు" అని ఎక్కడా ఉండేది కాదు. నిర్వచనాల పేజీలో మాత్రం "లైవ్‌స్టాక్ అంటే ఆవులు, గుర్రాలు, పందులు, గొర్రెలు, పౌల్ట్రీ" అని ఉంది. ఇంకెక్కడో, నివాస ప్రాంతాల్లో లైవ్‌స్టాక్ ఉంచరాదని ఉంది. అంటే మా పెరట్లో మూడు పెట్టలూ, ఒక ఎద్దూ చట్టం ముందు ఒకటే. ఇది కనిపెట్టాక మా పని తేలికైంది. మేం కొత్త చట్టం అడగడం లేదు, లైసెన్స్ ఉన్న ఇళ్ళకి ఆ నిర్వచనంలో ఒక మినహాయింపు అడుగుతున్నాం. ఇలా చెబితే కౌన్సిలర్లకి టెన్షన్ తగ్గుతుంది.

జంతువుల బైలా ఒక్కటే చదివి ఆపకండి. ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే ల్యాండ్ యూజ్ బైలా విడిగా ఉంటుంది, శబ్దం, వాసన లాంటి ఇబ్బందుల మీద న్యూసెన్స్ బైలా విడిగా ఉంటుంది. ఒకదాంట్లో అనుమతి వచ్చి, ఇంకోదాంట్లో నిషేధం అలాగే మిగిలిపోతే మళ్ళీ మొదటికొస్తారు. ఆల్బర్టాలో ఏ బైలాకైనా మూడు రీడింగులు, అంటే కౌన్సిల్ ముందు మూడు విడతల ఓటు, జరగాలి. మీటింగ్‌లో ఉన్న కౌన్సిలర్లందరూ ఒప్పుకుంటే తప్ప మూడూ ఒకే రోజు పూర్తి చేయడానికి వీల్లేదు. ల్యాండ్ యూజ్ బైలా మార్చాలంటే రెండో రీడింగుకి ముందు పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. కాబట్టి మీరు మాట్లాడాల్సింది ఏ రోజో టౌన్ క్లర్క్‌ని ముందే అడిగి రాసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మీ సిటీ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. ఇల్లు కొన్నప్పుడు హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పంద పత్రాల మీద సంతకం పెట్టి ఉంటారు కదా, అందులో పౌల్ట్రీ వద్దని ఉంటే సిటీ అనుమతి మిమ్మల్ని కాపాడదు. కాండోలో ఉన్నవాళ్ళకి కాండో బోర్డు నియమాలు, అద్దెకుండేవాళ్ళకి ఓనర్ రాతపూర్వక అనుమతి కూడా చూసుకోవాలి.

దాచి పెంచకండి

"ఎవరికి తెలుస్తుంది, రెండు కోళ్ళే కదా" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నేను ఒప్పుకోను. ఒక్క ఇంట్లో దాచిపెట్టిన కోళ్ళు పట్టుబడితే కౌన్సిల్‌లో ఆ రోజు నుంచీ చర్చ కోళ్ళ మీద ఉండదు, నియమాలు పాటించని మనుషుల మీదకి పోతుంది. లైసెన్స్ ఇస్తే షరతులు పాటిస్తామని మనం ఎంత చెప్పినా ఇక ఎవరూ నమ్మరు.

కోర్టుకి వెళ్తే? వెళ్ళినవాళ్ళున్నారు. ఆల్బర్టాలోనే ఉన్న క్యాల్గరీ నగరంలో పాల్ హ్యూస్ అనే ఆయన నిషేధాన్ని సవాలు చెయ్యాలనే కోళ్ళు పెంచి, 2009లో కేసు పెట్టించుకున్నారు. సొంత ఆహారం పండించుకునే హక్కు రాజ్యాంగంలో ఉందని వాదించారు. 2012లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అదే క్యాల్గరీలో కౌన్సిల్ 2021లో బైలా మార్చింది, 2022 నుంచి లైసెన్స్ మీద నాలుగు పెట్టల దాకా పెంచుకోవచ్చు. ఆయన ధైర్యాన్ని నేను గౌరవిస్తాను, ఆయన వల్లే చాలామంది ఈ విషయం మాట్లాడుకున్నారు. కానీ మీ సమయం, డబ్బు పెట్టాల్సింది కోర్టులో కాదు, కౌన్సిల్‌లోనే.

పక్కింటివాళ్ళే అసలు కౌన్సిల్

ఇక్కడ చాలా టౌన్లలో బైలా ఆఫీసర్ తనంతట తాను వచ్చి పెరడు చూడడు. ఎవరైనా కంప్లయింట్ చేస్తేనే వస్తాడు. అందుకని నా లెక్కలో కౌన్సిలర్ కన్నా కంచె అవతలి మనిషే ముఖ్యం.

పక్కింటికి వెళ్ళేటప్పుడు గుడ్లిస్తామని చెప్పుకుంటూ వెళ్ళకండి. అది లంచంలా వినబడుతుంది. గూడు ఎక్కడ పెడతారో పెరటి బొమ్మ గీసి, కంచె నుంచి ఎంత దూరం, వాళ్ళ కిటికీ నుంచి ఎంత దూరం కొలతలు వేసి తీసుకెళ్ళండి. "మీకు ఇష్టమేనా" అని అడిగితే మర్యాదకి సరేనంటారు, తర్వాత హియరింగ్‌కి వచ్చి వద్దంటారు. దానికి బదులు "ఏం జరిగితే మీరు కంప్లయింట్ చేస్తారు?" అని అడగండి. చెప్పింది వాళ్ళ ముందే రాసుకోండి.

మా వెనక సందు అవతల ఉండే పెద్దాయన ఆయిల్ రిగ్గుల మీద పనిచేసి రిటైరయ్యారు. మొదట గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. నేను ఆ ప్రశ్న అడిగేసరికి బొమ్మ తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నారు. వేలితో తన పడకగది కిటికీ చూపించి, "నేను ఎండాకాలం ఇది తెరిచి పడుకుంటాను, పొద్దున ఐదుకే వెలుతురొస్తుంది" అన్నారు. రెండోది కయోటీలు, అంటే నక్కల్లాంటి అడవి జంతువులు. ఆయన చిన్న కుక్కని రాత్రి బయటికి వదులుతారు, కోళ్ళ వాసనకి కయోటీలు సందులోకి వస్తే దాని గతేంటి? రెండూ న్యాయమైన భయాలే. గూడుని కంచె దగ్గర నుంచి తీసేసి గరాజ్ గోడ అవతలికి మార్చి గీశాను. పొద్దున ఏడింటి దాకా గూడు తలుపు తెరవనని, రాత్రి మేత బయట ఉంచనని అదే కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. హియరింగ్ రోజున ఆయన ఆ కాగితం జేబులోంచి తీసి చదివారు. నేను మాట్లాడినదానికన్నా అదే ఎక్కువ పని చేసింది.

ఒక చోట మాత్రం గట్టిగా నిలబడాలి. "పక్కింటివాళ్ళందరి సమ్మతి ఉంటేనే లైసెన్స్" అనే షరతు కౌన్సిల్‌లో తప్పకుండా వస్తుంది. వినడానికి బాగుంటుంది, కానీ దాంతో ఒక్క మనిషికి వీటో ఇచ్చినట్టే. కోళ్ళతో సంబంధం లేని పాత పగలన్నీ అక్కడ తీర్చుకుంటారు. పక్కింటికి తప్పనిసరిగా నోటీసు, అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పే గడువు, దాని మీద టౌన్ నిర్ణయం, ఆ నిర్ణయం మీద అప్పీలు: ఇవి ఒప్పుకోండి. సమ్మతిని మాత్రం షరతుగా ఒప్పుకోకండి.

భయాలకి ఒక్కొక్కదానికీ ఒక్కో క్లాజు

ఆహార హక్కు, ప్రకృతి, సుస్థిర జీవనం, ఇవన్నీ నాకూ ముఖ్యమే. వంటింటి తొక్కలు కోళ్ళకి, కోళ్ళ పెంట కంపోస్టుకి, కంపోస్టు గోంగూర మడికి వెళ్ళే ఆ చక్రం కోసమే నేను ఇదంతా చేశాను. కానీ కౌన్సిల్ మీటింగ్‌లో ఈ మాటలకి ఓట్లు పడవు. వాళ్ళ బల్ల మీద కొన్ని భయాలుంటాయి. ఒక్కోదానికి బైలాలో రాయగలిగే ఒక వాక్యం మీరే తయారు చేసి ఇవ్వాలి.

శబ్దం. కొక్కొరొకో అనేది పుంజు. పుంజులు వద్దని మీరే ముందు రాయండి. గుడ్డు పెట్టాక పెట్ట కాసేపు అరుస్తుంది, అది ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నంత గట్టిగా ఉంటుంది. కోడిపిల్లల్ని కొంటే అందులో పుంజు కలిసే అవకాశం ఉంటుంది కాబట్టి "16 వారాలు నిండిన పెట్టలే" అని క్లాజు పెట్టండి, ఆ గొడవ పుట్టదు.

వాసన. మాది తణుకు దగ్గర పల్లె. మా పెదనాన్నగారికి లేయర్ ఫారం ఉండేది, వేల కోళ్ళున్న షెడ్డు వాసన ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మీటింగ్‌లో "వాసన" అనే ప్రతివాళ్ళ ఊహలో ఉన్నది ఆ షెడ్డే. కాబట్టి వాళ్ళని తప్పుపట్టకుండా లెక్క చెప్పండి. ఒక పెట్ట రోజుకి వంద గ్రాములకి కాస్త పైన రెట్ట వేస్తుంది. నాలుగు పెట్టలంటే దాదాపు అర కిలో. దానికి పొడిగా ఉన్న చెక్క పొట్టు మందంగా పరిస్తే ఘాటు రాదు. తడిస్తేనే అమ్మోనియా లేస్తుంది. అందుకని క్లాజు వాసన గురించి కాకుండా పైకప్పు, పొడి పరుపు, మూత ఉన్న కంపోస్టు డబ్బా గురించి ఉండాలి. ఇన్‌స్పెక్టర్ కంటితో చూసి సరిచూడగలిగేవి అవే.

ఎలుకలు, అంటే ఇంగ్లీషులో ర్యాట్ అనే పెద్దవి. ఆల్బర్టాలో ఈ ఒక్క మాటతో హాలంతా మనకి ఎదురు తిరగొచ్చు. 1950లో సస్కాచువాన్ సరిహద్దులో ఆల్సాస్క్ దగ్గర ఎలుకలు కనబడ్డ నాటి నుంచీ ఈ ప్రావిన్స్ వాటిని స్థిరపడనివ్వలేదు. పెంపుడు ఎలుకని ఇంట్లో పెట్టుకోవడం కూడా ఇక్కడ నేరం. ఆ గర్వం జనంలో నిజంగా ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. ఇక్కడ మన మేతకి వచ్చేవి చుంచులు, అంటే చిన్న చుంచెలుకలు. వాటికి కారణం కోడి కాదు, రాత్రిళ్ళు బయట వదిలిన గింజలు. మూత బిగుసుకునే రేకు డబ్బాలో మేత, చీకటి పడేలోగా మేత తొట్టి లోపలికి, గూటి అడుగున, చుట్టూ పావు అంగుళం కన్నున్న గట్టి ఇనప జాలీ. దుకాణాల్లో కోళ్ళ వల అని అమ్మే ఆరు పలకల కన్నుల తీగ కోడిని లోపల ఉంచుతుందంతే, చుంచునీ కయోటీనీ ఆపదు. మీటింగ్‌కి రెండు ముక్కలూ కత్తిరించి తీసుకెళ్ళి కౌన్సిలర్ల చేతికివ్వండి. మేం ఇచ్చాం. ఒకావిడ కోళ్ళ వల కన్నులోంచి తన బొటనవేలు దూర్చి చూసి, రెండోదాన్ని తన కాగితాల మీద పెట్టుకున్నారు.

రోగం. బర్డ్ ఫ్లూ గురించి అడుగుతారు, అడగాలి కూడా. ఆ వైరస్, హెచ్5ఎన్1, 2022లో ఆల్బర్టా ఫారాల్లోకి వచ్చింది. ఎక్కువ భయం అడవి బాతులు, గూస్‌ల రెట్టతోనే. కాబట్టి తిరిగే చోటుకి కూడా గట్టి పైకప్పు, నీళ్ళు లోపలే, పెరట్లో పిట్టలకి గింజలు వేసే డబ్బా తీసెయ్యాలి. ఆల్బర్టాలో ఒక్క కోడి ఉన్నా ప్రెమిసెస్ ఐడెంటిఫికేషన్ నంబరు (జంతువులుండే చోటుకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. ఈ నంబరు ఉంటేనే టౌన్ లైసెన్స్ అని మీరే ప్రతిపాదించండి. రోగమొస్తే ఏ ఇంటికి ఫోన్ చెయ్యాలో అధికారులకి తెలుస్తుంది. దాచి పెంచేవాళ్ళ గురించి తెలియదు. నిషేధం కన్నా లైసెన్సే జాగ్రత్త అనడానికి దీనికి మించిన వాదన నా దగ్గర లేదు. ఇంట్లో చిన్న పిల్లలుంటే కోళ్ళని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించాలి, కోళ్ళ నుంచి అంటుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి తేలిక కాదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి: అక్కడ ఇప్పుడు ఒక్క కోడి ఉన్నా రిజిస్టర్ చేయించాలి. వంటింటి మిగుళ్ళు కోళ్ళకి వెయ్యడం కూడా అక్కడ చట్టవిరుద్ధం, నేను పైన చెప్పిన తొక్కల మాట మీకు వర్తించదు.

చలి. మైనస్ ముప్పైలో కోళ్ళని హింసిస్తారా అని ఎవరో ఒకరు లేస్తారు. షాంటెక్లేర్ అనే జాతి గురించి చెప్పండి. క్విబెక్‌లోని ఓకా మఠంలో బ్రదర్ విల్‌ఫ్రిడ్ షాట్‌లెన్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దేశపు చలి కోసమే తయారు చేసిన జాతి. తల మీది ఎర్ర జుట్టు చాలా చిన్నది, అందుకని మంచుకి కొరుక్కుపోదు. గూడు వెచ్చగా ఉండటం కన్నా పొడిగా ఉండటం ముఖ్యం. పొద్దున గూటి కిటికీకి లోపలివైపు మంచు పేరుకుని ఉంటే పైన గాలి తూములు చాలడం లేదని అర్థం. ఆ తేమే జుట్టు కొసల్ని నల్లబరుస్తుంది. హీట్ ల్యాంపులు పెట్టకండి, పొట్టు మీద పడితే గూడు కాలిపోతుంది.

ఇక ముసలి కోళ్ళు. ఎక్కువమంది ఆలోచించని సంగతి ఇదే. పెట్ట రెండు మూడేళ్ళు బాగా గుడ్లు పెడుతుంది, బతకడం మాత్రం అంతకు రెట్టింపు బతకొచ్చు. జంతు సంరక్షణ వాళ్ళ అసలు భయం వదిలేసిన కోళ్ళతో వాళ్ళ షెల్టర్ నిండుతుందని. మన ఇళ్ళల్లో పెంచిన కోడిని కోసుకోవడం కొత్త కాదు, దానికి నేను సిగ్గుపడను. కానీ పెరట్లో కొయ్యడానికి చాలా టౌన్లు ఒప్పుకోవు, పక్కింటి పిల్లల కళ్ళ ముందు చెయ్యాల్సిన పనీ కాదు. లైసెన్స్ దరఖాస్తులోనే ఒక గడి పెట్టమనండి: గుడ్లు ఆగాక ఈ కోడి ఎక్కడికి వెళ్తుంది? అలాగే ఉంచుతారా, తీసుకుంటానన్న రైతు ఎవరు, లైసెన్స్ ఉన్న కబేళా ఏది, లేక వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికా? జవాబు రాయలేనివాళ్ళకి కోళ్ళు ఇవ్వకూడదు. నేను ఇలా అన్నాక మమ్మల్ని వ్యతిరేకించడానికి వచ్చిన షెల్టర్ ఆవిడ తన మాట మార్చుకున్నారు.

గుడ్ల ఖర్చు కలిసొస్తుందని మాత్రం వాదించకండి. మంచి గూడు, జాలీ, మేత, చలికాలం నీళ్ళు గడ్డకట్టకుండా చేసే కరెంటు గిన్నె, అన్నీ లెక్కేస్తే దుకాణంలో గుడ్డే చవక. లెక్క తెలిసిన కౌన్సిలర్ ఒక్కరున్నా మిగతా మీ మాటలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

మీటింగ్ రోజు

పైలట్, అంటే కొంతకాలం ప్రయోగంగా చేసి చూడటం, అడగండి. ఇన్ని ఇళ్ళు, ఇంటికి ఇన్ని పెట్టలు, ఇంత ఫీజు, ఇంత కాలం, చివర్లో రిపోర్టు. శాశ్వత మార్పుకి చెయ్యెత్తలేని కౌన్సిలర్ కూడా పైలట్‌కి ఎత్తగలరు. ఎడ్మంటన్ 2014లో పైలట్‌తోనే మొదలుపెట్టి తర్వాత కొనసాగించింది. అక్కడ మూడు నుంచి ఆరు పెట్టలు. కోడి ఒంటరిగా ఉండలేదు కాబట్టి కనీస సంఖ్య కూడా పెట్టారు, మీరూ పెట్టించండి. వ్యాంకూవర్‌లో 2010 నుంచి నాలుగు. ఒంటారియోలోని గ్వెల్ఫ్‌లో పది దాకా ఒప్పుకుంటారు. టొరంటో 2018లో పైలట్ మొదలుపెట్టింది గానీ శాశ్వతం చెయ్యలేదు, ఆ సంగతి కూడా మీరే చెప్పండి. దాస్తే అవతలివాళ్ళు చెబుతారు. పక్క టౌన్ల బైలా ఆఫీసులకి ఫోన్ చేసి, కోళ్ళ మీద ఎన్ని కంప్లయింట్లు వచ్చాయో, కుక్కల మీద ఎన్ని వచ్చాయో అడిగి, చెప్పినవాళ్ళ హోదాతో సహా రాసుకురండి.

మాట్లాడే సమయం ఐదు నిమిషాలుంటే ఐదుగురు ఒకే మాట చెప్పకండి. ఒకరు క్లాజుల గురించి, ఒకరు రోగం గురించి, ఒకరు పక్కింటి మనిషిగా. పేరు ముందే క్లర్క్ దగ్గర నమోదు చేయించాలి, గడువు మీటింగ్‌కి చాలా రోజుల ముందే అయిపోవచ్చు.

మనవాళ్ళతో నాకు ఇక్కడే బాధ కలిగింది. మా టౌన్‌లో పెరటి తోటలున్న తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. దొండపాదు, బచ్చలి, చలికాలం ఇంట్లో కరివేపాకు కుండీ, అన్నీ. కోళ్ళు కావాలని అందరికీ ఉంది. కానీ ఒక అమ్మాయి, "అక్కా, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఉన్నాం, మనకెందుకీ గొడవ, రేపు సిటిజన్‌షిప్‌కి ఏమైనా అవుతుందేమో" అంది. ఏమీ అవదు. ఓటుకే పౌరసత్వం కావాలి. హియరింగ్‌లో మాట్లాడటానికి అక్కర్లేదు, టౌన్‌లో ఉండి పన్ను కట్టే మనిషి మాట వినాల్సిందే. ఇంగ్లీషు యాస గురించి బెంగ పెట్టుకోకండి. కాగితం చూసి నిదానంగా చదవండి, అక్కడ అందరూ అదే చేస్తారు. ఆ అమ్మాయి చివరికి వచ్చింది, వాళ్ళ ఊళ్ళో నానమ్మ రాత్రిళ్ళు కోళ్ళని గంప కింద ఎలా మూసేదో చెప్పింది. కౌన్సిల్‌లో ఒక రైతు కొడుకు తలూపుతూ విన్నారు.

మొదటిసారి మాది ఓడిపోయింది. ఓడితే ఓటు వేసినవాళ్ళ మీద సోషల్ మీడియాలో రాయకండి. వద్దన్న ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ రాసి, ఏ క్లాజు మారిస్తే ఒప్పుకుంటారో అడగండి. మాకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే: ఆఫీసర్ సమయానికి డబ్బెవరిస్తారు? ఎన్నికల తర్వాత కొత్త కౌన్సిల్ ముందుకి ఫీజు పెంచి, లైసెన్స్‌కి ముందు చిన్న క్లాసు తప్పనిసరి చేసి మళ్ళీ తీసుకెళ్ళాం. పైలట్‌గా పాసయ్యింది.

పాసయ్యాక వరుస తప్పకండి: ముందు ప్రెమిసెస్ నంబరు, తర్వాత లైసెన్స్, తర్వాతే కోళ్ళు. గుడ్లకి సిద్ధంగా ఉన్న పెట్టల్ని శీతాకాలంలోనే ఆర్డర్ పెట్టుకోవాలి, వసంతం వచ్చేసరికి దొరకవు. గూటి బొమ్మ, నంబరు, క్లాసు సర్టిఫికెట్, ఇన్‌స్పెక్టర్ వచ్చిన తేదీలు, పక్కింటివాళ్ళు చెప్పినవి, మీరు చేసిన మార్పులు, అన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. పైలట్‌లో ఉన్న ఇళ్ళన్నిటి నుంచీ ఇవి పోగు చేసి, గడువు ముగిసే నెలలో కాకుండా మూణ్ణెల్ల ముందే క్లర్క్‌కి అందించండి. రిపోర్టు రాసే ఉద్యోగి బల్ల మీద కంప్లయింట్ల ఫైలొక్కటే ఉంటే, రిపోర్టు కూడా అలాగే వస్తుంది.